79వ ర్యాంకు వాడి కోసం కొనండి

ముందే చెప్పేస్తున్నాను, ఈ పుస్తకంలో సగం నేను ఎప్పుడో చదివేశాను, అయినా మళ్లీ డబ్బులు పెట్టి కొన్నాను, కొన్నందుకు ఇంట్లో చీవాట్లూ తిన్నాను. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ రాసిన 'స్ట్రింగ్ థియరీ'. లైబ్రరీ ఆఫ్ అమెరికా వాళ్లు 2016లో వేశారు. టెన్నిస్ మీద ఆయన రాసిన ఐదు వ్యాసాలు ఒకచోట చేర్చి, ముందు జాన్ జెరెమయా సలివన్ ముందుమాట పెట్టారు. సన్నటి పుస్తకమే, రెండు రోజుల్లో అయిపోవాలి, నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకో కింద చెప్తాను. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే పల్చటి కవర్లో వేసి పంపారు, గట్టి అట్ట మూల వంగిపోయి వచ్చింది. ఫొటో తీసి కంప్లైంట్ పెడితే 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని మెసేజ్ వచ్చింది, ఇప్పటికీ చింతిస్తూనే ఉన్నట్టున్నారు, రీప్లేస్‌మెంట్ మాత్రం రాలేదు.

వాలెస్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1962లో పుట్టిన అమెరికన్ నవలాకారుడు, 2008 సెప్టెంబరులో 46 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. 1996లో 'ఇన్ఫినిట్ జెస్ట్' అని 1079 పేజీల నవల రాశాడు, అందులో కథ చాలా భాగం ఒక టెన్నిస్ అకాడమీలోనే నడుస్తుంది. నేను దాన్ని మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ 150 పేజీలు దాటలేదు, ప్రస్తుతం అది మా ఇంట్లో కంప్యూటర్ మానిటర్ కింద ఎత్తుకి పనికొస్తోంది. టెన్నిస్ వ్యాసాల సంగతి వేరు. నవలలో మనల్ని పరీక్ష పెట్టి చంపే మనిషి, కోర్టు పక్కన కూర్చోగానే మామూలు మనిషైపోతాడు, మన పక్క కుర్చీలో కూర్చుని చెవిలో చెప్తున్నట్టు ఉంటుంది. మామూలుగా సాహిత్యకారులు ఆట గురించి రాస్తే నాకు అనుమానమే, ఎందుకంటే రెండో పేరాకల్లా బంతిని వదిలేసి జీవితం, మరణం, కాలం అంటూ మొదలుపెడతారు. ఈయనా అవన్నీ అంటాడు గానీ ముందు బంతి ఎక్కడ పడిందో చెప్తాడు, దాని మీద స్పిన్ ఎంతుందో, అవతలివాడు ఏ కాలి మీద బరువేసి ఉన్నాడో, అక్కడ్నుంచి క్రాస్ కోర్ట్ (ఏటవాలుగా ఎదురు మూలకి) కొట్టడం ఎందుకు కష్టమో చెప్తాడు. చెప్పగలడు, ఎందుకంటే ఆడాడు. 12 నుంచి 15 ఏళ్ల వయసు దాకా ఇలినాయ్ చుట్టుపక్కల జూనియర్ టోర్నమెంట్లలో బాగానే నెగ్గాడు, ఆ తర్వాత తోటివాళ్లందరికీ ఒంట్లో ఎదుగుదల వచ్చింది, ఈయనకి లేటుగా వచ్చింది, వెనకబడ్డాడు, అంతే. ఆ ఓటమి ఐదు వ్యాసాల అడుగునా కనపడుతుంది. నాకు ఈ పుస్తకం నచ్చడానికి అసలు కారణం అదేననుకుంటా, చూసేవాడిలో ఎక్కడో కొంచెం కుళ్లు ఉంది, ఆ కుళ్లుని దాచుకోడు.

మొదటి వ్యాసం ఆయన చిన్నప్పటి ఆట గురించే, 1991లో హార్పర్స్ పత్రికలో వచ్చింది. గాలి, లెక్కలు, టోర్నడోలు. ఇలినాయ్ అంతా బల్లపరుపు మైదానం, ఆపేవాడు లేక గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. మంచి కోచింగ్ తీసుకుని, మంచి క్లబ్బుల్లో నున్నటి కోర్టుల మీద ఆడొచ్చిన పిల్లలు ఆ గాలికి తిక్కపుట్టి తప్పులు చేసేవాళ్లు, ఈయనేమో గాలి ఎంత వంపు తిప్పుతుందో మనసులో కోణాలు లెక్కేసుకుని, బంతిని ఎత్తుగా మధ్యలోకి వేస్తూ, ఎండలో చెమటలు కారుస్తూ, అవతలివాడు వాడంతట వాడు విరిగిపోయేదాకా ఆగేవాడట. అందమైన ఆట కాదు. ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు.

ఇది చదువుతుంటే నాకు కాకినాడలో మా క్లబ్బు గుర్తొచ్చి పుస్తకం పక్కన పెట్టేశాను (మూడు వారాలు ఎందుకు పట్టిందో తెలిసిందిగా). రెండు మట్టి కోర్టులు. పొద్దున్నే నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసేవాళ్లు. సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి మొదలు, లాబ్ ఎత్తితే పక్క కోర్టులో డబుల్స్ ఆడుకుంటున్న పెద్దవాళ్ల నెత్తిన పడేది, వాళ్లు తిట్టేవాళ్లు. నేను రాకెట్టు నేలకేసి కొట్టబోతే మా మార్కర్ గారు (క్లబ్బులో మాతో ఆడుతూ ఆట నేర్పే ఆయన) ఒకరోజు నవ్వి, "గాలి మీద కోప్పడితే గాలికేం పోతుందండీ, మీ పాయింటే పోద్ది" అన్నారు. వాలెస్ పాతిక పేజీల్లో చెప్పింది ఇంచుమించు ఇదే. కాకపోతే మార్కర్ గారికి త్రికోణమితి రాదు, వాలెస్‌కి వచ్చు, అదీ తేడా. వ్యాసం చివర్లో టోర్నడో వచ్చి, ప్రాక్టీసు చేస్తున్న ఇద్దరు కుర్రాళ్లనీ కోర్టు దాటించి అవతలి ఫెన్సింగుకి విసిరికొట్టే ఘట్టం ఒకటుంది, అక్కడ లెక్కలన్నీ గాలికే పోతాయి. ఆ రెండు పేజీలు పైకి చదివి ఎవరికైనా వినిపించండి.

రెండోది ట్రేసీ ఆస్టిన్ ఆత్మకథ మీద రాసిన సమీక్ష. అంటే నేనిప్పుడు సమీక్ష మీద సమీక్ష రాస్తున్నానన్నమాట, సరే. ఆస్టిన్ 1979లో 16 ఏళ్లకే యూఎస్ ఓపెన్ గెలిచింది, 1981లో మళ్లీ గెలిచింది, తర్వాత వరసగా గాయాలు, తిరిగొద్దామనుకుంటున్నప్పుడు 1989లో ఘోరమైన కారు ప్రమాదం. వాలెస్ కూడా ఆమె పుట్టిన 1962లోనే పుట్టాడు, అదే వయసులో అదే ఆట ఆడాడు, కాబట్టి ఆ పుస్తకంలో ఏదో రహస్యం దొరుకుతుందని ఆశగా తెరిచాడు. లోపల ఉన్నదంతా 'చాలా కష్టపడ్డాను, కుటుంబం అండగా నిలిచింది' బాపతు. మొదట ఉతికి ఆరేస్తాడు, ఆ ఉతుకుడు సరదాగానే ఉంటుంది. అసలు విషయం చివర్లో ఉంది. మ్యాచ్ పాయింట్ దగ్గర, వేలమంది చూస్తుండగా, మనలాంటివాడి బుర్రలో వంద గోలలు నడుస్తాయి, ఆ అమ్మాయి బుర్రలో మాత్రం 'ఒక్కో బంతీ చూసుకుని ఆడాలి' అన్న ఆ అరిగిపోయిన వాక్యం తప్ప ఇంకేం ఉండదేమో, దాన్ని ఆమె నిజంగానే అలా నమ్మి అలా ఆడేయగలదేమో, ఆ గొప్పతనం ఎక్కడ్నుంచి వచ్చిందో తనకే తెలియకపోవడం కూడా ఆ గొప్పతనంలో భాగమేనేమో అంటాడు. మన క్రికెటర్లు ప్రెజెంటేషన్‌లో 'బేసిక్స్ మీద ఫోకస్ చేశాం, ప్రాసెస్‌ని నమ్ముకున్నాం' అన్నప్పుడల్లా ఇన్నాళ్లూ ఛానల్ మార్చేవాణ్ని, ఇది చదివాక మార్చట్లేదు, వాళ్ల మొహం చూస్తున్నాను. ఒక బాధ మాత్రం మిగిలింది. ఆండ్రీ అగస్సీ ఆత్మకథ 'ఓపెన్' 2009లో వచ్చింది, టెన్నిస్ అంటే తనకి ఎంత అసహ్యమో మొదటి పేజీల్లోనే చెప్పేస్తాడు, ఆస్టిన్ పుస్తకంలో వాలెస్ వెతికి దొరక్క ఏడ్చిందంతా అందులో ఉంది. అప్పటికి ఏడాది ముందే వాలెస్ పోయాడు. పైగా అగస్సీ అంటే ఈయనకి అస్సలు పడదు, ఈ పుస్తకంలోనే రెండు మూడు చోట్ల కసిగా రాశాడు.

ఇక మూడోది. ఈ పుస్తకం కొంటే దీని కోసం కొనండి.

పత్రికవాళ్లు 1995 కెనడియన్ ఓపెన్‌కి, మాంట్రియల్‌కి పంపిస్తే, ఈయన అగస్సీ, సాంప్రాస్‌ల వెంట పడకుండా మైఖేల్ జాయిస్ అనే 22 ఏళ్ల కుర్రాడి వెంట పడ్డాడు. ప్రపంచంలో 79వ ర్యాంకు. ఆ ర్యాంకుతో మెయిన్ డ్రాలోకి, అంటే అసలు టోర్నమెంటులోకి, నేరుగా పోనివ్వరు, ముందు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడి నెగ్గాలి. టీవీ కెమెరాలుండవు, స్టాండ్స్‌లో పట్టుమని వందమంది ఉండరు, ఉన్నవాళ్లలో చాలామంది ఆటగాళ్ల స్నేహితులూ చుట్టాలూ. అక్కడ గెలిస్తే దక్కేదేమిటంటే, అసలు టోర్నమెంటులో ఎవరో పెద్దాయన చేతిలో ఓడిపోయే అవకాశం. 1996లో ఎస్క్వైర్ పత్రికలో ఇది అచ్చయినప్పటి పేరే ఇప్పుడు పుస్తకానికీ పెట్టారు.

వ్యాసం మొదట్లో వాలెస్‌కి ఒక ధీమా ఉంటుంది, నేనూ ఒకప్పుడు ఆడినవాణ్నే కదా, ఈ జాయిస్‌తో సరదాగా కాసేపు ర్యాలీ కొడితే ఎలా ఉంటుందో అని. మొదటి రోజు కోర్టు పక్కన నిలబడి చూశాక ఆ ఊసే ఎత్తడు. తను ఆడిందీ వీళ్లు ఆడేదీ ఒకే ఆట కాదని తెలిసొస్తుంది. ఆ సిగ్గు ఎంత నిజాయితీగా రాశాడో. 79వ ర్యాంకు అంటే మనకి టీవీలో మొదటి రౌండులో మొదటి సెట్టు చూసి 'వీడెవడ్రా పాపం' అనుకునే బాపతు, నిజానికి ఆ పని భూమ్మీద వాడికంటే బాగా చేసేవాళ్లు 78 మందే. మీ ఉద్యోగంలో మీ ర్యాంకు ఎంతో ఒకసారి ఊహించుకోండి, నేను ఊహించుకుని మానేశాను.

టీవీకీ కళ్లెదుట చూసేదానికీ మధ్య తేడా గురించి ఆయన రాసింది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2005 ఫిబ్రవరిలో సానియా హైదరాబాద్ ఓపెన్ గెలిచిన రోజు నేను ఫతే మైదాన్ స్టాండ్స్‌లో ఉన్నాను, అప్పట్లో హైదరాబాద్‌లోనే చదువుకుంటున్నా, కాలేజీ ఎగ్గొట్టి మరీ వెళ్లాం. ఫైనల్లో అలోనా బొండరెంకో, 6-4, 5-7, 6-3. భారతదేశం నుంచి ఒక అమ్మాయి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్) సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదలు. అందరికీ ఆ గోల, ఆ జెండాలు గుర్తుంటాయి, నాకు చప్పుడు గుర్తుంది. ఆమె ఫోర్‌హ్యాండ్ తగిలినప్పుడు వచ్చే చప్పుడు వేరు, పొట్టిగా, పొడిగా, తలుపు గడియ పడ్డట్టు. బంతి నెట్టు మీద ఎంత తక్కువ ఎత్తులో పోయేదంటే, టేపుకి రాసుకుంటూ పోయిందేమోనని అనుమానం వచ్చేది. టీవీలో కెమెరా పైనుంచి చూపిస్తుంది కాబట్టి 78 అడుగుల కోర్టు నొక్కేసినట్టు చిన్నదైపోతుంది, వేగం చచ్చిపోతుంది. గంటకి 200 కిలోమీటర్ల సర్వీసు ఆ దూరం దాటడానికి ఇంచుమించు అర సెకనే పడుతుంది, ఆ అర సెకనులో వాళ్లు బంతి ఎటొస్తుందో పసిగట్టి, పాదం మార్చి, రాకెట్టు వెనక్కి లాగి, బంతిని తిరిగి అవతలి గీత మీద పెట్టాలి. వాలెస్ ఇవన్నీ డిగ్రీలతో సహా లెక్కలు కడతాడు. బోరు కొట్టాలి, కొట్టదు.

జాయిస్ జీవితం గురించి రాసిన భాగం మాత్రం కొంచెం గుండె పట్టేస్తుంది. చిన్నప్పట్నుంచీ టెన్నిస్ తప్ప ఇంకేం లేదు ఆ కుర్రాడికి, నీకు ఇష్టమేనా అని అడిగే వయసు రాకముందే నాన్న రాకెట్టు చేతికిచ్చాడు, ఇప్పుడు అడిగినా వాడికి ఆ ప్రశ్న సరిగ్గా అర్థం కాదు. వాలెస్ వాణ్ని చూసి జాలిపడాలో అసూయపడాలో తేల్చుకోలేక రెండూ పడతాడు. మన దగ్గర్నే చూడండి, సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు, 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాకి వెళ్లి మొదటి రౌండ్లో ఐదు సెట్లు ఆడి ఓడిపోయాడు. ఆ ఐదు సెట్లు మీలో ఎంతమంది చూశారు? నేనూ చూడలేదు, మర్నాడు స్కోరు చూశాను. ఆ స్కోరు వెనక ఏముంటుందో ఎవరైనా తెలుగులో ఇలా వెంటపడి రాసి ఉంటే బాగుండేదని ఈ వ్యాసం చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

అన్నట్టు ఈ జాయిస్ తర్వాత మరియా షరపోవాకి చాలా ఏళ్లు కోచ్‌గా పనిచేశాడు. 2005 యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్లో సానియాని 6-2, 6-1తో పంపించేసిన షరపోవాయే.

నాలుగో వ్యాసం 1995 యూఎస్ ఓపెన్ గురించి. సాంప్రాస్, ఫిలిప్పూసిస్ మ్యాచ్ కొంచెం, మిగతాదంతా క్యూలు, టికెట్లు, తినుబండారాల ధరలు, ప్రకటనల బోర్డులు. అమెరికా వ్యాపార బుద్ధి మీద సెటైరు. అప్పటికి బాగుండి ఉండొచ్చు, మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ కొనే మనకి ఇందులో షాక్ ఏమీ లేదు. దాటేయండి.

చివరిది అందరూ వాట్సాప్‌లో పంపుకునే ఫెడరర్ వ్యాసం, 2006 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పోర్ట్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. బాగుంటుందా అంటే, అద్భుతంగా ఉంటుంది, అందులో గొడవేం లేదు. 2005 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అగస్సీ మీద ఫెడరర్ ఆడిన ఒకే ఒక్క పాయింటుతో మొదలవుతుంది, ఊపిరి తీసుకోనివ్వని ఒకే పొడుగాటి వాక్యంలో ర్యాలీ అంతా నడిపిస్తాడు, చివరికి వాలెస్ సోఫా దిగి ఒక మోకాలి మీద ఉంటాడు. తర్వాత 2006 వింబుల్డన్ ఫైనల్, ఫెడరర్ నాదల్‌ని 6-0, 7-6, 6-7, 6-3తో కొట్టిన మ్యాచ్. ఆ ఫైనల్‌కి టాస్ వేసింది క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఏడేళ్ల పిల్లాడు. ఒళ్లు అన్నది ఒకడికి అంత వరంగా, ఇంకొకడికి అంత శాపంగా ఎలా వస్తుందన్న ప్రశ్నని ఆ పిల్లాడి చుట్టూ తిప్పుతాడు, ఎక్కడా కన్నీళ్లు పిండకుండా. ఆట సంగతులకొస్తే, రాకెట్లు చెక్క పోయి కాంపోజిట్ (కలగలుపు పదార్థం) అయ్యి, తల వెడల్పు పెరిగాక ఏం మారిందో ఇంత తేటగా ఇంకెవరూ నాకు చెప్పలేదు. అందరూ బలం బలం అంటారు, అసలు మారింది టాప్‌స్పిన్ (బంతి ముందుకి దొర్లేలా తిప్పి కొట్టడం) అంటాడు. ఎంత గట్టిగా కొట్టినా ఆ స్పిన్ బంతిని కిందకి లాగి గీత లోపలే పడేస్తుంది, అందుకే ఇవాన్ లెండిల్ కాలం నుంచీ బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీద నిలబడి బాదడం రాజ్యమేలింది, అందరూ ఇదే టెన్నిస్‌కి ఆఖరి మజిలీ అనుకుంటున్నప్పుడు ఫెడరర్ అదే బాదుడులోకి మళ్లీ నాజూకుతనం తెచ్చాడు.

కానీ ప్రేమలో పడ్డవాడు రాసిన వ్యాసం ఇది, ఆ తేడా తెలిసిపోతుంది. నాదల్ ఇందులో మనిషిలా ఉండడు, హీరోకి ఎదురు నిలబెట్టిన కండల వీరుడిలా ఉంటాడు, మన పాత సినిమాల్లో పక్కన హీరో అందంగా కనిపించాలని విలన్‌కి గళ్ల లుంగీ కట్టినట్టు. రెండేళ్లకే 2008 వింబుల్డన్‌లో ఐదో సెట్టు 9-7తో అదే నాదల్ గెలిచాడు. ఆ తర్వాత గ్రాండ్‌స్లామ్ టైటిళ్ల లెక్క మీకు తెలుసు, ఫెడరర్ 20, నాదల్ 22, జొకోవిచ్ 24. నేను ఫెడరర్ వాణ్నే, 2022లో లండన్‌లో లేవర్ కప్‌లో తన ఆఖరి మ్యాచ్ ఆడి పక్కన నాదల్‌ని కూర్చోబెట్టుకుని ఏడ్చినప్పుడు ఇక్కడ నేనూ ఏడ్చాను, అయినా సరే ఈ వ్యాసం మూడోసారి చదివితే హారతి పొగ కొంచెం ఎక్కువైనట్టనిపించింది. జాయిస్ వ్యాసంలో ఆ పొగ లేదు. దేవుడి గురించి రాయడం తేలికండీ, ఎంత పొగిడినా సరిపోతుంది. 79వ వాడి గురించి రాయాలంటే మొత్తం చూడాలి.

ఇక ఫిర్యాదులు. ఇంగ్లీషు కష్టం, మొహమాటం లేకుండా చెప్తున్నా, అరపేజీ వాక్యాలు, డిక్షనరీ తీస్తే గాని దిగని మాటలు. ఫుట్‌నోట్లు ఒక ఊరు, చక్కగా పోతున్న కథ ఆపి అందులోకి దిగాలి, తిరిగొచ్చేసరికి ఎక్కడ ఉన్నామో మర్చిపోతాం, దిగకపోతేనేమో మంచి జోకులన్నీ అక్కడే ఉంటాయి. మనుషుల రూపం మీద, బట్టతలల మీద, లావు మీద విసిరే చురకలు కొన్ని ఈరోజు చదువుతుంటే ముల్లులా గుచ్చుకుంటాయి. ఆడవాళ్ల టెన్నిస్ అంటే ట్రేసీ ఆస్టిన్ తప్ప దాదాపు ఇంకేం లేదు, స్టెఫీ గ్రాఫ్, మోనికా సెలెస్ ఏలుతున్న రోజుల్లో తిరిగిన మనిషి, ఇది లోటే. ఇంకో సంగతి, ఈ వ్యాసాలు చాలావరకు ఆయన వేరే పుస్తకాల్లోనూ ఉన్నాయి, అవి మీ దగ్గరుంటే ఇది అక్కర్లేదు. దిగుమతి పుస్తకం కాబట్టి ధర కూడా దాని సైజుకి ఎక్కువే.

ఎప్పుడైనా రాకెట్టు పట్టి ఓడిపోయినవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. పిల్లల్ని పొద్దున్నే ఐదింటికి అకాడమీలో దింపే అమ్మానాన్నలు జాయిస్ వ్యాసం తప్పకుండా చదవాలి, చదివాక నన్ను తిట్టుకోవద్దు. టెన్నిస్ తెలియనివాళ్లు ఫెడరర్‌తో మొదలుపెట్టి, వెనక్కి రండి. ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి ఆ యూఎస్ ఓపెన్ వ్యాసానికీ వంగిన అట్టకీ కలిపి కోశాను.

పోయిన నెల మా ఆఫీసులో ఒకతను అడిగితే ఇచ్చాను, వారానికి తిరిగిచ్చాడు. ఫెడరర్ చదివాడట, సూపర్ అన్నాడు. మిగతావి? "టైమ్ లేదన్నా. ఆ జాయిస్ ఎవరో గానీ, గూగుల్ చేశాను, ఏమీ గెలిచినట్టు లేదు" అన్నాడు. బుక్‌మార్కు ఇంకా ఆ వ్యాసం రెండో పేజీలోనే ఉంది.